మంచిగ ఉంటనన్న మాట

మా నాయన ఆనాడు చెయ్యి ఎత్తాడా, లేదా? ఈ అనుమానం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. శనివారం దీపం పెట్టి కండ్లు మూసుకున్నప్పుడు కూడా ఒక్కోసారి ఇదే అడ్డం వచ్చేది. దేవుణ్ణి అడగాలంటే సిగ్గు, నాయనను అడగాలంటే భయం.

నాయన పేరు బక్కయ్య. చేనుకు పోయే బాటలో చీమలబారు కనిపిస్తే ఎడ్లను పక్కకు తోలే మనిషి. కోపం వస్తే ఆయన గొంతు పెరగదు, తగ్గుతుంది. అలాంటి మనిషి కోసం ప్రతి ఎన్నికల ముందూ ఠాణా నుంచి కానిస్టేబుల్ మోటార్ సైకిల్ మీద వచ్చేవాడు. సర్పంచ్ ఎన్నికలైనా, ఎమ్మెల్యే ఎన్నికలైనా, ఢిల్లీకి పంపే ఎన్నికలైనా సరే. బండి దిగకుండానే, రేపు బైండోవర్ ఉంది, మండలాఫీసుకు రావాలని చెప్పి పోయేవాడు. మరునాడు తహసీల్దార్ ముందు నిలబడి, ఈ ఎన్నికలు అయ్యేదాకా ఎవరితోనూ కొట్లాడను, మంచిగ ఉంటాను, తప్పితే జరిమానా కడతాను అని ఒప్పుకొని నాయన వేలిముద్ర వెయ్యాలి.

ఎందుకని అడిగితే ఊరివాళ్లు చెప్పేది ఒక్కటే. నేను గోపాల్‌పేటలో మా అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటున్న రోజుల్లో, సర్పంచ్ ఎన్నికలప్పుడు మా ఊరి బూతు దగ్గర గొడవ అయింది. ఒక పక్షం ఏజెంటు తల పగిలింది. బక్కయ్య రాయితో కొట్టాడన్నారు. పోలీసులు జీపెక్కించుకుపోయారు. సాక్షులు లేక కేసు నిలవలేదు గాని, ఠాణాలో ఆయన పేరున తెరిచిన రౌడీషీటు మాత్రం మూతపడలేదు.

పిలుపు వచ్చిన రోజున నాయన తీరు చూస్తే ఏదో దేవుని దగ్గరికి పోతున్నాడనిపించేది. తెల్లవారకముందే తలంటుకునేవాడు. ఉతికిన ధోవతి కట్టి, నుదుట బొట్టు పెట్టి, తువ్వాలలో జొన్నరొట్టెలు, వేరుశనగల పచ్చడి మూట గట్టుకుని బస్సెక్కేవాడు. ఆఫీసు ఆవరణలో ఆయనలాగే చుట్టుపక్కల ఊర్ల నుంచి వచ్చినవాళ్లు ఉండేవాళ్లు. ఎన్నిక ఎన్నికకూ అక్కడే కలుసుకుని, అక్కడే రొట్టెలు పంచుకుని, ఒకరి పిల్లల పెండ్లిళ్లకు ఒకరు పోయేంత దోస్తులయ్యారు. ఆ దినం మా అమ్మ జోగులమ్మ ఒక్కపొద్దు ఉండేది. నాయన తిరిగొచ్చి కాళ్లు కడుక్కునేదాకా నీళ్లు కూడా ముట్టేది కాదు. భర్త క్షేమం కోసమే అనుకున్నాను నేను.

నాకు అంతుబట్టనిది ఇంకోటి ఉండేది. దేవుడు మనిషి తప్పు చేసినాకే శిక్షిస్తాడు. ఆఫీసువాళ్లు చెయ్యకముందే పూచీ అడుగుతారు. ఒకసారి వేరుశనగ విత్తనాలకు వనపర్తి పోయినప్పుడు ఒక వకీలును ఈ సంగతి అడిగాను. గొడవ చేస్తాడని భయపడేందుకు కారణం ఉంటేనే బైండోవర్ చెయ్యాలని, ఆ కారణం ఏదో మనిషికి చెప్పాలని చట్టంలోనే ఉందన్నాడాయన. ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. ఆయన చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. విన్నాడనే అనుకోలేదు నేను.

విన్నాడని మొన్న కార్తీకంలో తెలిసింది. నేనూ నా భార్య జయశ్రీ సోమశిల దగ్గర కృష్ణలో మునిగి వచ్చిన వారంలోనే, మా కాలనీ బడి ముందు పౌరహక్కుల దినం జరిగింది. నెలాఖరున ఏదో ఒక ఊరిలో అధికారులు పెట్టే సభ అది. తహసీల్దార్, ఎస్సై ఇద్దరూ వచ్చారు. ఎస్సై కొత్తవాడు, వయసులో చిన్నవాడు. పాత చట్టాలు పోయి కొత్తవి వచ్చాయని, ఫిర్యాదు ఏ ఠాణాలో ఇచ్చినా తీసుకోవాలని, ఆ కాగితం నకలు ఊరికే ఇవ్వాలని, ఆడవాళ్లనూ అరవై దాటినవాళ్లనూ విచారణ పేరుతో ఠాణాకు తిప్పొద్దని, తామే ఇంటికి రావాలని ఓపికగా చెప్పాడు. ఎవరికైనా ఏమైనా అడగాలని ఉందా అన్నాడు. ఇలాంటి సభల్లో ఎవరూ ఏమీ అడగరు. చాయ్ కోసం చూస్తుంటారు.

నాయన లేచాడు. తువ్వాల భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సారూ, నేను మంచిగ ఉంటనని ఇంకెన్నిసార్లు చెప్పాలె?"

ఎస్సైకి అర్థం కాలేదు. వెనక నుంచి ఎవరో, "సచ్చేదాంక చెప్పాలె బక్కన్నా, మన మాట మీద సర్కారుకు గంత నమ్మకం" అన్నారు. జనం నవ్వారు. నాయన కూర్చోలేదు. ప్రతి ఎలక్షన్‌కు చెబుతూనే ఉన్నానని, ఒక్కసారి కూడా మాట తప్పలేదని, మరి ఈ మాట ఎప్పటికి చెల్లుతుందో చెప్పమని అడిగాడు. ఎస్సై నవ్వలేదు. దగ్గరికి పిలిచి పేరడిగి, షీటు తీయించి చూస్తానని, తర్వాత తానే ఇంటికి వస్తానని అన్నాడు. "కాని తాతా, నేను వచ్చినప్పుడు, షీటు తెరిచిననాడేమైందో నువ్వు నాకు చెప్పాలె" అన్నాడు.

నాయన ముఖం అప్పుడు మారింది. తువ్వాల భుజాన వేసుకుని, చాయ్ తాగకుండానే ఇంటికి పోయాడు.

సర్పంచ్ ఎన్నికల గంట మోగింది. ఊరిలో మైకులు మొదలయ్యాయి. మా కంది చేను కోతకొచ్చింది. కానిస్టేబుల్ మాత్రం రాలేదు. నాయన పొద్దున లేస్తే అరుగు మీదే కూర్చుని, మోటార్ సైకిల్ చప్పుడైతే మెడ చాచి చూసేవాడు. చివరికి శ్రీనాథ్ అనే కానిస్టేబుల్ వచ్చాడు. బండి దిగాడు కూడా. ఈసారి ముసలివాళ్లను ఆఫీసుకు పిలవడం లేదని, ఇంటి దగ్గరే ఉండమని, ఎస్సై సార్ వస్తాడని చెప్పిపోయాడు.

నాయనకు ఇది నచ్చలేదు. రేపు ఊరిలో ఏ గొడవైనా అయితే బక్కయ్య ఈసారి మాట ఇయ్యలేదు, అందుకే అయిందంటారని ఆయన పరేషాన్. ఎంత చెప్పినా వినలేదు. మరునాడు నేను చేను నుంచి వచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది. ఉతికిన ధోవతి లేదు, తువ్వాల లేదు. అమ్మను అడిగితే మండలాఫీసుకు పోయాడంది. అమ్మ ఆ పూట ఒక్కపొద్దుతోనే ఉంది.

బండి మీద పోయి చూస్తే, ఆఫీసు వెనక నీడలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. నాయన ఒకరు, పక్క ఊరి మాసయ్య ఒకరు. ఆ ఊరి ఓట్లు అప్పట్లో మా బూతులోనే ఉండేవి. ఆనాటి గొడవలో నాయనతో పాటు అదే జీపులో ఎక్కినవాడు మాసయ్య. ఆయననూ రావద్దన్నారట. ఆయనకూ మనసొప్పక వచ్చాడట. లోపలికి పోయి మేము వచ్చినం, వేలిముద్ర తీసుకోండని అడిగితే, అక్కడి క్లర్కు వీళ్లకేసి వింతగా చూసి ఇంటికి పొమ్మన్నాడట.

"ఏం కుర్మూర్తీ, మీ నాయనను విడిపించుకపోనీకి వచ్చినవా?" అన్నాడు మాసయ్య. "గీడ మమ్ములను పట్టుకునేటోడే లేడు బిడ్డా."

మాసయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సగం రొట్టె చేతిలో పెట్టాడు. మాటల మనిషి. ఆనాటి ముచ్చట తనే ఎత్తుకున్నాడు.

"నేనైతే కొట్టిన. కుర్సీతోని కొట్టిన. అబద్ధమెందుకు, దేవుడు చూసిండు. గని మీ నాయనున్నడే, ఆయన చెయ్యి..."

"మాసయ్యా," అన్నాడు నాయన. గొంతు బాగా తగ్గింది. "రొట్టె తిను."

మాసయ్య నా వైపు చూశాడు, నాయన వైపు చూశాడు. రొట్టె తిన్నాడు.

ఇంటికి తిరిగొస్తుంటే, వెనక కూర్చున్న నాయనను జీవితంలో మొదటిసారి అడిగాను. ఆనాడు నువ్వు కొట్టినవా అని. బాట గతుకులు, గాలి చప్పుడు, వినిపించలేదేమో అనుకున్నాను. కొంచెం దూరం పోయినాక, "బండి చూసి నడుపు" అన్నాడు.

ఎస్సై అన్న మాట ప్రకారమే వచ్చాడు. వాకిట్లో కొట్టిన కందులు ఆరబోసి ఉన్నాయి. ఆయన బూట్లు విప్పి పక్కకు పెట్టి, కందులు తొక్కకుండా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. వెంట శ్రీనాథ్. జయశ్రీ చాయ్ ఇచ్చి తలుపు దగ్గర నిలబడింది. అమ్మ ఒక మూలన కూర్చుని కందులు చెరుగుతోంది.

షీటు మొత్తం చూశానని, ఆ ఒక్క గొడవ తర్వాత నాయన మీద ఏ ఫిర్యాదూ లేదని ఎస్సై చెప్పాడు. షీటు మూయమని పై అధికారికి తాను రాయాలి. ఇది ఎందుకు తెరిచారో, ఆనాడు అసలేమైందో ఆ రాతలో ఉండాలి. కొట్టానని చెప్పినా నష్టం లేదు, కొట్టలేదని చెప్పినా నష్టం లేదు. ఏదో ఒకటి ఆయన నోటితో రావాలి.

"యాదికి లేదు సారూ" అన్నాడు నాయన.

"యాదికి లేదని రాస్తే పెద్ద సార్లు ఇంకొన్నేండ్లు ఉండనియ్యమంటరు తాతా. నువ్వే గదా సభల అడిగింది?"

ఈమధ్య నాయనకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇంకో ఎన్నిక చూస్తాడో లేదో. ఒక్క మాటతో విడుదల, ఆ మాట ఆయన నాలుక దాటడం లేదు. నేను కాళ్ల దగ్గర కూర్చుని, చెప్పు నాయనా అని బతిమిలాడాను. ఆయన ఆరబోసిన కందులకేసే చూస్తున్నాడు. ఎస్సై లేవబోయాడు.

"రాయి గాదు సారూ అది," అంది అమ్మ. చాట ఆడుతూనే ఉంది. "చెంబు."

ఎస్సై మళ్లీ కూర్చున్నాడు. అమ్మ చాటలోని మట్టిబెడ్డలు ఏరి పడేసి, మిగతాది నెమ్మదిగా చెప్పింది. ఎండలో లైన్లో నిలబడి నిలబడి లోపలికి పోతే, నీ ఓటు ఎవరో వేసిపోయారన్నాడట ఏజెంటు. సిరా లేని వేలు చూపించిందట. అయినా వినలేదు. మొగుడు ఎవరికి వేస్తే నీదీ వానికే గదా, పోయి వంట చేసుకో అని నవ్వాడట. చేతిలో నీళ్ల చెంబు ఉంది. ఎప్పుడు విసిరిందో తనకే తెలియదట. వాని నుదురు పగిలింది. కుర్చీలు లేచాయి. మగవాళ్ల లైన్లోంచి నాయన ఉరికి వచ్చి, పోలీసులు అడగకముందే, కొట్టింది నేనే అన్నాడట.

"మరి ఆ ఏజెంటు మీ పేరు చెప్పలేదా అమ్మా?"

"ఆడిదాని చేతిల తల పగిలిందని ఎట్ల చెప్పుకుంటడు సారూ? రాయి అన్నడు, బక్కయ్య అన్నడు. వాని ఇజ్జత్ వానికి దక్కె."

"చూసినోళ్లు లేరా?"

"లైన్ల ఉన్న ఆడోళ్లందరు చూసిన్రు."

నేను తలుపు వైపు తిరిగాను. జయశ్రీ పైట కొంగు సర్దుకుంటూ నేల చూస్తోంది.

"ఒట్టు ఏమాయె?" అని అడిగాడు నాయన. అమ్మను అడిగాడు, చాలా చిన్న గొంతుతో. ఎవరికీ చెప్పనని కురుమూర్తి స్వామి మీద ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడట ఆనాడు.

"ఒట్టు నాది. తప్పింది నేను. స్వామికి నేను చెప్పుకుంట," అంది అమ్మ. "నేను కోపం జేస్తే నువ్వు మంచిగ ఉంటనని చెప్పవడ్తివి ఇన్నేండ్లు. ఇంక చాలు."

నాయన ఎస్సై వైపు తిరిగాడు. "ఈమెను పిలుస్తరా సారూ?" అన్నాడు. ఇన్నేండ్ల భయం ఆ ఒక్క మాటలో బయటపడింది.

ఎవరినీ పిలవబోమని, ఆ కేసు ఎప్పుడో పోయిందని, పిలవడానికి ఏమీ మిగలలేదని ఎస్సై చెప్పాడు. నాయన నమ్మేదాకా రెండోసారి కూడా చెప్పాడు. లేచి బూట్లు వేసుకుంటూ, ఆ చెంబు ఏమైందమ్మా అని అడిగాడు.

"ఇరిగిన కుర్సీలతోని కలిపి మీ ఠాణకే తీస్కపోయిన్రు. అది గూడ మాది గాదు సారూ. నా ఎనక నిలవడ్డ లక్ష్మీదేవమ్మక్కది. ఎండకు జర నీళ్లు తాగుమని ఇచ్చింది పాపం."

ఆయన పోయినాక జయశ్రీని అడిగాను, నీకు ముందే తెలుసా అని. పెండ్లయి వచ్చిన ఏడాదే బావి దగ్గర ఆడవాళ్లు చెప్పారంది. మరి నాకెందుకు చెప్పలేదన్నాను. "నువ్వు అడిగినవా?" అంది. ఊరిలో సగం మందికి ఎప్పటి నుంచో తెలిసిన సంగతి. నేను దీపం ముందు కూర్చుని దేవుణ్ణి తవ్వుతున్నాను.

ఆ నెలలోనే మల్దకల్ తిమ్మప్ప జాతరకు పోయాను. ఒట్టు తప్పితే ఏం పరిహారమని అక్కడి పూజారిని అడిగాను. ఎవరి ఒట్టు, ఎందుకు తప్పారని ఆయన అడిగాడు. చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. చెప్పాలంటే అంతా చెప్పాలి. హారతి కండ్లకద్దుకుని వచ్చేశాను. పరిహారం ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మకు మాత్రం ఆ దిగులున్నట్టు కనిపించదు.

పోలింగ్ నాడు వాళ్లిద్దరినీ బండి మీద ఒక్కొక్కరినే బూతు దగ్గర దింపాను. అమ్మ ఆడవాళ్ల లైన్లో, నాయన మగవాళ్ల లైన్లో. నాయన తన ముందున్నవాళ్లను చూడడం లేదు, పక్క లైన్నే చూస్తున్నాడు. అమ్మ లోపలికి పోయింది. అక్కడ కూర్చున్న పిల్ల అమ్మ పేరు చదివింది, వేలికి సిరా పెట్టింది, కాగితం చేతికిచ్చింది. అమ్మ బయటికొచ్చి నాయన వైపు చూసి వేలు కొంచెం ఎత్తింది. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడాన్ని అంత శ్రద్ధగా నేనెప్పుడూ చూడలేదు.

పుష్యమాసంలో శ్రీనాథ్ మళ్లీ వచ్చాడు. షీటు బందయిందని, ఇక మీ ఇంటికి రానని, పెండ్లికో పండుగకో పిలిస్తే వస్తానని అన్నాడు. నేను ఎదురుచూసిన మాట. నాయన తల ఊపి, "మాసయ్యది?" అన్నాడు.

ఆయనది ఇంకా చూస్తున్నారట. కుర్చీతో కొట్టాననీ, ఎక్కడ తగిలిందో కూడా విడమరచి చెప్పాడట మాసయ్య.

"అయితే వాడొక్కడే గూసోవాలె ఆఫీసు కాడ," అన్నాడు నాయన. వచ్చే ఎలక్షన్‌కు ప్రాణముంటే తోడు పోయి రొట్టె తినొస్తానన్నాడు. అమ్మ వద్దనలేదు, ఈసారి ఒక్కపొద్దు సంగతీ ఎత్తలేదు.

ఆ శనివారమే అమ్మ నన్ను వనపర్తి తీసుకుపొమ్మంది. ఇత్తడి దుకాణంలో చెంబులన్నీ దింపించింది. ఒక్కోదాన్ని ఎత్తి చూసి, గోటితో కొట్టి చూసి, చివరికి ఒకటి పట్టుకుంది. ఇంటికొచ్చి చింతపండుతో తోమి కడిగింది. ఒకరి గిన్నె ఒట్టిగా తిప్పి పంపకూడదు గనుక మెడ దాకా కొత్త కందులు పోసింది. లక్ష్మీదేవమ్మ ఇల్లు మా వాడ చివరే. ఆమెకిప్పుడు చూపు సరిగా ఆనదు. అరుగు మీద ఎండకు కూర్చుని ఉంది. నేను వాకిలి దగ్గర ఆగిపోయాను.

అమ్మ ఆమె ఒడిలో చెంబు పెట్టి పక్కన కూర్చుంది. లక్ష్మీదేవమ్మ వేళ్లతో అంచు తడిమింది, కందులు తడిమింది. ఏమిటని అడగలేదు.

"ఇన్నేండ్లు ఒక్కనాడన్న నా చెంబేదని అడగకపోతివి అక్కా," అంది అమ్మ.

"అడిగితే ఏం చెప్తుంటివి? అబద్ధం చెప్పాలె నువ్వు. ఎందుకొచ్చిన పాపమని అడగలే."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. లక్ష్మీదేవమ్మ కందులు పక్కనున్న చాటలోకి వంచి, ఒట్టి చెంబును అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూసింది.

"నాది గింతకంటె బరువుండె," అంది.

"ఉండె," అని ఒప్పుకుంది అమ్మ. "బరువుండబట్టే గట్ల తాకింది."